పుత్తూరు కట్టు

మా నాయిన వేళ్ళకు చూపుండేది.
తోలు మీద చెయ్యి పెడితే చాలు
లోపల విరిగిన చోటు ఆయనతో మాట్లాడేది.
నాకప్పుడు పదకొండేండ్లు. ఆకు నూరేదాన్ని.
ఏ ఆకని అడగొద్దు, చెప్పను.

అరవై రెండు, జనవరి.
పుత్తూరు టేషన్లో దిగి జట్కాలో వచ్చినాడు
పలమనేరు దిక్కు మనిషి, చెంగల్రాయుడు.
ఖాకీ ప్యాంటు ఒక కాలు మోకాటికి కోసేసి ఉంది.
మిలిటరీ ఆస్పత్రోళ్ళు సున్నం కట్టు వేసినారంట,
వాళ్ళమ్మ నమ్మలేదంట.

“యాడ విరిగింది నాయినా?”
“గోవాలో.”
“గుండా?”
“కాదు సామీ, వంతెన.
వాళ్ళు పేల్చేసి పోయినారు.
చీకట్లో నేను చూసుకోలేదు.”

అరుగు మీదోళ్ళు నవ్వబోయి ఆగినారు.
ఆ పొద్దు అరుగు మీద
విరగకుండా ఉన్నవి నోళ్ళే.

దొరసామి అయివారు, మణికట్టు వాచినా పేపరు వదలడు,
నాలుగొందల యాబై ఏండ్లు పరాయోడి కింద, అన్నాడు.
ఉత్త చేతుల్తో జెండా పట్టుకొని పోయినోళ్ళను కాల్చినారే,
ఆ నెత్తురు ఊరికే పోతుందా, అన్నాడు.

“యాడ పోయింది? ఆరేండ్లు నిలవుండాది,”
చిత్తూరు బెల్లం మండీ గుమాస్తా, మోచేయి.
“ఎలక్షన్లు ఎప్పుడు? వచ్చే నెల.
దిమ్మ ఎప్పుడు దించాలో మండీకి తెలుసు,
కోపం ఎప్పుడు దించాలో ఢిల్లీకి తెలుసు.
ఆడ ఇనప రాయుందంట, ఓడలాగే రేవుందంట,
అది చెప్పవేం అయివారా?”

నగరి నేతాయన తుంటి పట్టుకొని మూలుగుతా
“పక్కింట్లో బిడ్డను కొడతాంటే గోడ దూకమా?” అన్నాడు.

“దూకతాం. దూకినోడు ఆ ఇంట్లోనే పడక వేస్తే?”

ఆ మాటన్నదెవరో గుర్తు లేదు. ఆడ గొంతు.
కుంపటి కాడ మా జేజి అయ్యుండచ్చు.

చెంగల్రాయుడు మాత్రం
పైకప్పు వాసాలు లెక్కపెడతా పడుకున్నాడు.
“మాకెవరూ ఏమీ చెప్పలేదు” అన్నాడు చివరికి.
“బెల్గాంలో దించినారు, నడవమన్నారు.
కోపం ఉండిందా అంటే, ఉండింది,
బూట్లు కరస్తాంటే.”

ఇప్పుడు నాకు తెలుసు,
నాయినే ఆ వాదన ఎగదోసినాడని.
ఎముక లాగే ముందు
అరుగంతా మాటల్లో పడాల. అదీ ఆయన మత్తుమందు.

“పడినాక నిన్నెవరు చూసినారు నాయినా?”
“వొగ ముసలామె. తెల్లారతా ఉండగా.
చెంబుతో నీళ్ళు తెచ్చింది,
కాలు ఒళ్ళో పెట్టుకొని ఏందో అడిగింది.
నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగింది.
ఊరికే తలూపినా.”
“ఏమని అడిగింది?”
“కెన్నా, ఏందో కెన్నా...”

అప్పుడు లాగినాడు.

అరుపు ఆరినాక
కోడిగుడ్డు సొన, నా ఆకు, వెదురు దబ్బలు,
ఉతికిన పాత గుడ్డ.
ముడి వేస్తా వేస్తా నాయిన చెప్పినాడు:
“ఇరవై ఒక్క రోజు.
ఇరవై రెండో పొద్దు రాకపోయినావంటే
ఈ కట్టే నీ కాలును తింటాది.”

వచ్చినాడో రాలేదో చెప్పను... చెప్పలేను.
ఆ నెలంతా నాకు అమ్మవారు పోసింది,
వేపాకుల మధ్య పడున్నా.

నాయిన పోయి ముప్పై ఏండ్లు. ఇప్పుడు కట్టేది నేను.
పోయినేడు కొండ మెట్ల మీద జారి
కార్వార్ ఆమె ఒకతె వచ్చింది, చీలమండ.
లాగే ముందు మాటలు పెట్టాల గదా,
కెన్నా అంటే ఏమమ్మా, అన్నాను.

“ఎప్పుడు, అని.”

ఎప్పుడు.
ఇంతకాలం ఎప్పుడొస్తారని చూసినాం, అనా?
ఎప్పుడు పోతారు, అనా?
మిగిలిన మాటలు చెంగల్రాయుడి అరుపులో కలిసిపోయినాయి.

ఆమె కాలు నా ఒళ్ళో ఉంది.
లాగడం మరిచిపోయినాను కాసేపు.